స్థలానికి ఈసీ తీస్తాం, సంబంధానికో?

మా తోటికోడలుగారి పెద్దమ్మాయికి అమెరికా సంబంధం వచ్చింది. అబ్బాయి ఉండేది డల్లాస్ పక్కన ఒక ఊళ్ళో. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, సొంత ఇల్లు. జాతకాలు కుదిరాయి. వీడియో కాల్‌లో పిల్లలిద్దరూ నాలుగైదుసార్లు మాట్లాడుకున్నారు. ఇక తాంబూలాలే తరువాయి అనుకుంటుండగా దూరపు బంధువు ఒకావిడ వచ్చి, "ఆ అబ్బాయికి అక్కడ ఇదివరకే ఒక పెళ్ళి అయిపోయిందటగా!" అని ఒక మాట జారవిడిచి, కాఫీ తాగి వెళ్ళిపోయింది.

ఇక చూడండి మా ఇంట్లో! అక్కయ్య అన్నం మానేసింది. బావగారు మధ్యవర్తికి ఫోన్ చేస్తే, "అబ్బే, అదేం లేదండీ, బంగారంలాంటి కుర్రాడు" అన్నాడాయన. ఆయన ఎవర్ని మాత్రం ఇత్తడి కుర్రాడన్నాడు గనక!

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పోయినేడు మేం ఊరి చివర నూట యాభై గజాల స్థలం కొన్నాం. దానికి ముప్ఫై ఏళ్ళ ఈసీ తీయించాం. లింకు డాక్యుమెంట్లన్నీ ప్లీడరుకు చూపించాం. సర్వేయరుని పిలిచి కొలిపించాం. అంతా అయ్యాక కూడా మావారు ఒకటికి రెండుసార్లు రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళొచ్చారు. మరి పాతికేళ్ళు పెంచిన పిల్లని సముద్రాల అవతలికి పంపడానికి మన దగ్గరున్న ఆధారం ఏమిటి? ఒక ఫొటో, ఒక జాతకం, మధ్యవర్తి నోటిమాట. స్థలం గురించి అడిగితే జాగ్రత్త అంటారు. పెళ్ళికొడుకు గురించి అడిగితే అనుమానం అంటారు!

మర్నాడు మా అమ్మాయే చెప్పింది. "పిన్నీ, అమెరికాలో కోర్టు కాగితాలు ఎవరైనా చూడొచ్చట. మనం చూద్దామా?"

తిరుపతిలో పెళ్ళి, మిస్సోరీలో విడాకులు

మేం ఏం చూశామో చెప్పే ముందు, ఎక్కడో అమెరికా జిల్లా కోర్టులో ఉన్న కాగితంతో మన ఆడపిల్లలకేం పని అని మీరు అడగవచ్చు. ఆ పని ఎంత పాతదో తెలియాలంటే ఒక కేసు గురించి చెప్పాలి. పేర్లు మనకు అవసరం లేదు.

1975 ఫిబ్రవరిలో తిరుపతిలో ఒక పెళ్ళి జరిగింది. 1978లో ఆ భార్యాభర్తలు విడిపోయారు. భర్త తిరుపతి సబ్‌కోర్టులో విడాకులకు దావా వేసి ఉన్నాడు. అది అలా ఉండగానే, మిస్సోరీ రాష్ట్రంలో తొంభై రోజులు నివాసం ఉన్నానని చెప్పి, అక్కడి సెయింట్ లూయిస్ కౌంటీ సర్క్యూట్ కోర్టులో ఇంకో దావా వేశాడు. భార్య ఇక్కడి నుంచే, ఆ కోర్టు అధికారాన్ని తాను ఒప్పుకోవడం లేదంటూ జవాబు పంపింది. 1980 ఫిబ్రవరిలో ఆమె లేకుండానే ఆ కోర్టు విడాకులు ఇచ్చేసింది. 1981 నవంబరులో అతను యాదగిరిగుట్టలో మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. మొదటి భార్య ఊరుకోలేదు. భార్య ఉండగానే మళ్ళీ పెళ్ళాడాడని అతని మీద, అతనితో పాటు ఆ రెండో భార్య మీద కూడా క్రిమినల్ కేసు పెట్టింది.

మేజిస్ట్రేటు ఆ ఇద్దర్నీ వదిలేశాడు. హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. మిస్సోరీ తీర్పుకి ఫొటోస్టాట్ కాపీ తెస్తే అది సాక్ష్యానికి చెల్లదంది. విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. 1991 జూలై 9న వచ్చిన ఆ తీర్పు ఈనాటికీ ప్రవాస వివాహాల కేసుల్లో వినిపిస్తూనే ఉంటుంది. ఏ చట్టం కింద పెళ్ళి జరిగిందో ఆ చట్టం ఒప్పుకునే కోర్టు, ఆ చట్టం ఒప్పుకునే కారణం మీద ఇస్తేనే విదేశీ విడాకులు ఇక్కడ చెల్లుతాయని అందులో చెప్పారు. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. భార్య కూడా ఆ దేశంలోనే స్థిరంగా ఉంటున్నా, ఆమె తనంతట తాను ఆ కోర్టుకు లోబడి వాదించుకున్నా, మన చట్టంలో ఉన్న కారణం మీద విడాకులిస్తే అవి చెల్లుతాయి. ఆమె విడాకులకు ఒప్పుకున్నా చెల్లుతాయి. ఉత్త ఫొటోస్టాట్ కాపీ తెచ్చి చూపిస్తే చాలదని కూడా సుప్రీంకోర్టు చెప్పింది.

ఈ కేసులో నన్ను కదిలించింది ఆ రెండో పెళ్ళికూతురు. "అబ్బాయికి అమెరికాలో విడాకులైపోయాయి" అనే మాట నమ్మి పెళ్ళి చేసుకున్న పిల్ల ముద్దాయిగా కోర్టు మెట్లెక్కాల్సి వచ్చింది. కాబట్టి పాత పెళ్ళి ఉందా లేదా అని కనుక్కుంటే సరిపోదు. ఉంటే ఆ విడాకులు ఎక్కడ, ఎలా వచ్చాయి, మొదటి అమ్మాయి అప్పుడు ఏ దేశంలో ఉంది, ఆమె కోర్టుకు వచ్చిందా లేదా అన్నది కూడా చూడాలి. ఇవన్నీ ఆ కౌంటీ కోర్టు ఫైలులో ఉంటాయి.

కౌంటీ తెలిస్తే సగం పని అయినట్టే

అమెరికాలో కౌంటీ అంటే మన జిల్లాలాంటిది. దేశం మొత్తమ్మీద మూడు వేలకు పైగా ఉన్నాయి. టెక్సస్‌లోనే 254, కాలిఫోర్నియాలో 58, న్యూజెర్సీలో 21. లూసియానాలో కౌంటీ అనరు, పారిష్ అంటారు. పెళ్ళి లైసెన్సులు, విడాకులు, ఇళ్ళ రిజిస్ట్రేషన్లు, మామూలు క్రిమినల్ కేసులు ఎక్కువగా ఈ కౌంటీల స్థాయిలోనే నడుస్తాయి. దేశమంతటికీ కలిపి ఒకే చోట వెతికే ప్రభుత్వ జాబితా లేదు. ఫెడరల్ కోర్టులకు 'పేసర్' అనే వెబ్‌సైటు ఉంది. దివాళా కేసులవంటివి పేజీకి పది సెంట్ల చొప్పున కట్టి అందులో చూడొచ్చు గానీ, విడాకులు అందులో దొరకవు.

అందుకని మొదట అడగాల్సింది "అబ్బాయి ఏ ఊళ్ళో ఉంటాడు" అని కాదు, "ఏ కౌంటీలో ఉంటాడు" అని. ఎడిసన్‌లో మనవాళ్ళు చాలామంది కదా, అది మిడిల్‌సెక్స్ కౌంటీ. సన్నీవేల్, క్యూపర్టినో ఉన్నది శాంటా క్లారా కౌంటీలో. ఫ్రీమాంట్ పక్కనే ఉన్నా అలమీడా కౌంటీ కిందికి వస్తుంది. డల్లాస్ దగ్గరి ఫ్రిస్కో ఊరైతే సగం కాలిన్ కౌంటీలో, సగం డెంటన్ కౌంటీలో ఉంది. సెయింట్ లూయిస్ నగరం, సెయింట్ లూయిస్ కౌంటీ అయితే పేరొకటే, కోర్టులు మాత్రం వేరువేరు. ఒకచోట వెతికి, లేదని నిట్టూర్చి కూర్చుంటే కాగితం రెండోచోట ఉండవచ్చు.

తర్వాతది, ఏ ఆఫీసు అన్నది. ఇక్కడ పేర్లు మనల్ని తికమక పెడతాయి. టెక్సస్‌లో విడాకుల ఫైళ్ళు డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర, పెళ్ళి లైసెన్సులు, ఆస్తి దస్తావేజులు కౌంటీ క్లర్క్ దగ్గర ఉంటాయి. కాలిఫోర్నియాలో విడాకులు ఆ కౌంటీ సుపీరియర్ కోర్టులో. న్యూయార్కులో విడాకులిచ్చే కోర్టుని సుప్రీం కోర్టు అంటారు. అంటే మన సుప్రీంకోర్టులాంటిదేమీ కాదు, కింది కోర్టే! అక్కడ క్లర్క్ అంటే మన గుమాస్తా అనుకునేరు, కోర్టు రికార్డులన్నిటికీ బాధ్యత వహించే అధికారి. చాలా కౌంటీల్లో జనం ఓటేసి ఎన్నుకుంటారు కూడా.

వెతకడం, తెప్పించుకోవడం

ఆ ఆఫీసు సొంత వెబ్‌సైటుకే వెళ్ళాలి. 'కేస్ సెర్చ్', 'కోర్ట్ రికార్డ్స్' అని ఉంటుంది. మిస్సోరీ, విస్కాన్సిన్, మేరీల్యాండ్ వంటి కొన్ని రాష్ట్రాలు రాష్ట్రమంతటికీ కలిపి ఒకే వెబ్‌సైటు పెట్టి ఉచితంగా చూడనిస్తున్నాయి. పేరు కొడితే కేసు నంబరు, వేసిన తేదీ, ఇరుపక్షాల పేర్లు, ఏమేం జరిగింది, ముగిసిందా లేదా అన్న పట్టిక వస్తుంది. ఆ పట్టికలోనే సగం కథ తెలిసిపోతుంది. "మీ వివరాలిస్తే ఎవరి జాతకమైనా చెబుతాం" అని డాలర్లు అడిగే ప్రైవేటు వెబ్‌సైట్ల జోలికి వెళ్ళకండి. వాళ్ళు అమ్మేది ఎప్పటిదో పాత సమాచారం, అందులోనూ నలుగురి వివరాలు కలగాపులగం.

మన పేర్లతో పెద్ద చిక్కుంది. మనకి ఇంటిపేరు ముందు, వాళ్ళకి వెనక. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు చివరికి పోయి ఉంటుంది, కొందరిలో కులం పేరే ఇంటిపేరై కూర్చుంటుంది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో రాసి ఉంటే అమెరికా వీసాలో మొదటి పేరు స్థానంలో 'ఎఫ్‌ఎన్‌యూ' అని పడుతుంది. 'లక్ష్మి'ని ఇంగ్లీషులో రెండు మూడు రకాలుగా రాస్తారు. కాబట్టి పాస్‌పోర్టులో ఎలా ఉందో అలా, తర్వాత తిరగేసి, తర్వాత స్పెల్లింగులు మార్చి, ఇన్ని రకాలుగానూ వెతకాలి.

కాగితం కావాలంటే కేసు నంబరు రాసి క్లర్క్ ఆఫీసుకి దరఖాస్తు పెట్టాలి. చాలాచోట్ల ఈమెయిల్లోనూ, పోస్టులోనూ తీసుకుంటారు. పేజీకింత అని ఫీజు ఉంటుంది. "ఎందుకు కావాలి? నువ్వెవరు?" అని మామూలుగా అడగరు. కోర్టు రికార్డులు చూసే, నకలు తీసుకునే హక్కు ప్రజలకు ఉందని 1978లో అమెరికా సుప్రీంకోర్టే చెప్పింది. న్యాయం నాలుగు గోడల మధ్య జరిగితే జడ్జి ఏం చేశాడో ఎవరికి తెలుస్తుంది? అదీ వాళ్ళ ఆలోచన.

నకళ్ళు రెండు రకాలు. ఒకటి మామూలు కాపీ, చదువుకోవడానికి. రెండోది సర్టిఫైడ్ కాపీ, అంటే క్లర్క్ సంతకం, కోర్టు ముద్ర ఉన్నది. దీనికి ఫీజు కాస్త ఎక్కువ. ఇక్కడి కోర్టులో గానీ ఆఫీసులో గానీ చూపించాలంటే రెండోదే కావాలి. దాని మీద ఆ రాష్ట్ర ప్రభుత్వం వేసే 'అపోస్టిల్' అనే ధ్రువీకరణ కూడా చాలాసార్లు అడుగుతారు. మన దేశం 2005లో ఆ ఒప్పందంలో చేరింది.

అన్నీ దొరుకుతాయనుకోకండి. దత్తతలు, మైనర్ల కేసులు, జడ్జి సీలు చేయించిన ఫైళ్ళు ఇవ్వరు. కాలిఫోర్నియాలో విడాకుల ఫైలులోని కాగితాలు ఇంట్లో కూర్చుని కంప్యూటరులో చూడ్డానికి లేదు, కోర్టుకు వెళ్ళి చూడాలి, లేదా నకలు తెప్పించుకోవాలి. న్యూయార్కులోనైతే విడాకుల ఫైలు ఆ భార్యాభర్తలకీ వాళ్ళ లాయర్లకీ తప్ప ఇతరులకు చూపించరు. అలాంటప్పుడు దారి ఒకటే. విడాకులయ్యాయని చెప్పిన అబ్బాయినే తన డిక్రీ సర్టిఫైడ్ కాపీ తెచ్చివ్వమనాలి. అతని కాగితం అతనికిస్తారు. అది తేవడానికి అతను నెలల తరబడి సాకులు చెబుతుంటే, ఆ సాకులే మీకు జవాబు.

పేరొకటే, మనిషి?

ఇక మా సంగతి. అబ్బాయి ఉండే ఊరు రెండు కౌంటీల్లో ఉందని మాకు మొదట తెలీదు. ఒక కౌంటీలో వెతికి ఏమీ లేదని తెలిసి అక్కయ్యకి ఆ పూట అన్నం పెట్టించాం. మర్నాడు రెండో కౌంటీలో చూస్తే అచ్చం అదే పేరు! విడాకుల కేసు, ముగిసింది అని ఉంది. నా చేతిలో టీ చల్లారిపోయింది. బావగారు "ఇంకేముంది, వద్దని చెప్పేద్దాం" అని ఫోన్ తీశారు.

మా అమ్మాయి ఫోన్ లాక్కుంది. "పేరు చూసి సంబంధం కుదుర్చుకోలేదు కదా నాన్నా, పేరు చూసి వదులుకోవడం ఎందుకు? కాగితం తెప్పిద్దాం" అంది.

ఈమెయిల్ పెట్టి, కార్డు మీద ఫీజు కట్టాం. నాలుగోరోజుకి కాపీ వచ్చింది. ఆ దంపతుల పెళ్ళి 2006లో జరిగినట్టుంది. ఇద్దరు పిల్లలు. 2006లో మన పెళ్ళికొడుకు ఏడో తరగతి చదువుతున్నాడు! ఆ మనిషి వేరు, ఈ మనిషి వేరు. ఆ బంధువు చెవిన పడ్డది కూడా బహుశా ఆ పేరే అయ్యుంటుంది.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు గానీ, నా మనసు ఆ కాగితం మీదే ఉండిపోయింది. ఆ విడాకులడిగింది భార్య. ఎవరో మన తెలుగావిడే. ఆమె పేరు, పిల్లల సంగతి, ఆమె పడిన బాధ, అన్నీ నా వంటింటి బల్ల మీద ఉన్నాయి. ఆమె నన్నెప్పుడూ చూడలేదు, నేను ఆమెనీ చూడలేదు. మన హిందూ వివాహ చట్టం ఇలాంటి కేసులు తలుపులు వేసి విచారించాలంటుంది, వాటిలోని విషయాలు అచ్చు వేయకూడదంటుంది. అక్కడ తలుపులు తెరిచి ఉంచారు. ఏది మంచిదని అడిగితే నేను వెంటనే చెప్పలేను. ఆ తెరిచిన తలుపు వల్లే మా పిల్ల ఒక మంచి సంబంధాన్ని పోగొట్టుకోకుండా బయటపడింది. ఆ తలుపులోంచే ఒక పరాయి ఆడదాని కన్నీళ్ళు మా ఇంటికొచ్చాయి. నేను చేయగలిగిందల్లా ఆ కాపీని కంప్యూటరులోంచి తీసేయడమే. అక్కయ్య దాన్ని వాట్సాప్‌లో ఆ బంధువుకి పంపి "చూశావా" అందామనుకుంది. ఒప్పుకోలేదు నేను.

చూసే హక్కు ఉన్నంత మాత్రాన చాటే హక్కు ఉన్నట్టు కాదు. విడాకులు తీసుకోవడం నేరమూ కాదు. దాచడం దగ్గరే వస్తుంది పేచీ.

సమన్లు ఇంటికొస్తే

ఈ రికార్డులు పెళ్ళికి ముందే కాదు, తర్వాతా పనికొస్తాయి. "రెండు నెలలు పుట్టింట్లో ఉండి రా" అని పంపేసి, వెనకే విడాకుల కాగితాలు పంపే భర్తల గురించి వింటూనే ఉన్నాం. ఇంగ్లీషులో కట్ట వస్తే భయపడి బీరువాలో దాచేవాళ్ళున్నారు. దయచేసి ఆ పని చేయకండి. మొదటి పేజీలో కోర్టు పేరు, కౌంటీ పేరు, కేసు నంబరు ఉంటాయి. ఆ నంబరుతో వెబ్‌సైటులో చూస్తే అసలు కేసు ఉందా, వాయిదా ఎప్పుడు అన్నది తెలుస్తుంది. గడువులు చిన్నవి. కాలిఫోర్నియాలో జవాబుకి ముప్ఫై రోజులు. టెక్సస్‌లో కాగితాలు అందాక ఇరవై రోజులు గడిచి, ఆపైన వచ్చే సోమవారం ఉదయం పది గంటల వరకే. జవాబు లేకపోతే మీరు లేకుండానే తీర్పు వచ్చేస్తుంది. అలాగని తొందరపడి ఏదో ఒకటి రాసి పంపితే, ఆ కోర్టుకు మీరు లోబడినట్టు లెక్క కట్టే ప్రమాదమూ ఉంది. 1991 తీర్పు గుర్తుంది కదా! ఆరోజే ప్లీడరు దగ్గరికి వెళ్ళాలి. జాతీయ మహిళా కమిషన్‌లో 2009 నుంచీ ప్రవాస వివాహాల కోసం ప్రత్యేక సెల్ ఉంది, వాళ్ళకీ రాయండి.

ప్రవాస వివాహాలన్నిటికీ తప్పనిసరి రిజిస్ట్రేషన్ ఉండాలని, పాస్‌పోర్టులో పెళ్ళి సంగతి నమోదు చేయాలని 2024లో లా కమిషన్ తన 287వ నివేదికలో సిఫారసు చేసింది. మంచి మాటే. కానీ ఏ చట్టం వచ్చినా మన ఇంటి ముంగిట నిలబడి అడగదు. అడగాల్సింది మనమే.

మా అమ్మాయి అడిగింది. జరిగిందంతా అబ్బాయికి తనే ఫోన్ చేసి చెప్పింది, పేరు చూసి కంగారుపడిన సంగతితో సహా. "మీరు కావాలంటే నా గురించీ ఇక్కడ కనుక్కోండి" అని కూడా అంది. అటు కాబోయే అత్తగారికి కోపం వచ్చింది, "మా మీద అంత నమ్మకం లేదా?" అని. అబ్బాయి రెండు రోజులు ఫోన్ చేయలేదు. అక్కయ్య మళ్ళీ అన్నం మానేసింది.

మూడోరోజు పొద్దున్నే అతని దగ్గర్నుంచి ఒక మెసేజీ వచ్చింది. అమెరికా వెళ్ళిన నాటి నుంచీ ఏ ఏ సంవత్సరాల్లో ఏ ఊళ్ళో, ఏ కౌంటీలో ఉన్నాడో వరసగా రాసి పంపాడు. కింద "సెలవురోజు తీరిగ్గా చూసుకోండి" అని ఉంది.

ఆ లిస్టులో మొత్తం నాలుగు కౌంటీలున్నాయి. రెండు అయ్యాయి. ఈ ఆదివారం పిన్నీ కూతుళ్ళం మూడోది చూడబోతున్నాం.